ఉప్పుకొట్టు గోడ కింద ఆరు గంపలు

మా అపార్టుమెంటు లిఫ్టు పక్కన మొన్న ఒక కాగితం అంటించారు. ఎండు చేపలు వండేవాళ్లు తోటివారి ఇబ్బందిని దృష్టిలో పెట్టుకోవాలని అందులో ఉంది. నేను ముందు కింద సంతకం ఉందా అని చూశాను. ఏ కాగితం చూసినా అడుగు నుంచి చదవడం నాకు పదేళ్లప్పటి అలవాటు. సంతకం లేదు. ఆదివారం నాడు కిటికీలన్నీ బార్లా తెరిచి నెత్తళ్లు వేయించాను.

మూకుడు దించకముందే ఎవరో తలుపు కొట్టారు. గొడవకే వచ్చారనుకుని గరిటె చేతిలో పట్టుకునే వెళ్లి తీశాను. ఎదురింటి అమ్మాయి. "ఆంటీ, నాలుగు పెడతారా? నాకు అయిదో నెల" అంది సిగ్గుపడుతూ. కూర్చోబెట్టి పెట్టాను. ఆ పిల్ల తోకలు కూడా వదలకుండా నమిలి, "మీకింత ధైర్యం ఎక్కడిదాంటీ?" అని అడిగింది. ఆ పిల్లకి సగం చెప్పాను. వాళ్లాయన పిలిస్తే వెళ్లిపోయింది. మొత్తం ఇప్పుడు రాస్తున్నాను.

నెల్లూర్లో రైలుకట్టకు అవతల ఉండేది మా ఇల్లు. తాటాకు కప్పు, మట్టి గోడలు. నాన్న రిక్షా తొక్కేవాడు. అమ్మ, అమ్మమ్మ చేపలమ్మేవారు. అమ్మమ్మని నేను అవ్వా అనేదాన్ని. ఆమె పుట్టిల్లు జువ్వలదిన్నె. అక్కడ ఆమె తమ్ముడు వేటకు పోయేవాడు. వలలో పడినదాన్ని ఎడ్లబండి మీద బిట్రగుంట చేర్చి, పొద్దుటి పాసింజరులో మా ఊరికి పంపేవారు. నేను బడికి పోయే ముందు అవ్వతో స్టేషనుకు వెళ్లేదాన్ని. ఇంజను ఆవిరి వదులుతూ వచ్చి ఆగేది. తడి గోనెలు కప్పిన గంపలు దించుతుంటే బొగ్గుపొగతో కలిసి సముద్రపు వాసన ప్లాట్‌ఫారం అంతా పరుచుకునేది. ఆ వాసన వస్తే నాకు ఆకలేసేది. ఇప్పటికీ వేస్తుంది.

అవ్వ అక్కడే గంప మీద గోనె ఎత్తి, ఒక చేపను తీసి మొప్ప విప్పి చూపించేది.

"మొప్ప ఎర్రంగా ఉండాల మే. కన్ను మనల్నే చూస్తా ఉండాల. చచ్చిపొయినా కన్ను దించకుండా చూసేదే మంచి చేప."

నాన్న రిక్షాలో గంపలు వేసుకుని ఊళ్లోకి తీసుకుపోయేవాడు. ఊరి నడిబొడ్డున, ఎప్పుడో మూతపడిన ఒక ఉప్పుకొట్టు ఉండేది. దాని గోడ నీడ మధ్యాహ్నం దాకా వీధిలోకి పడేది. ఆ నీడలో ఆరుగురు ఆడవాళ్లు వరసగా గంపలు దించుకుని కూర్చునేవారు. అవ్వది మొదటి గంప, పక్కన అమ్మది. అన్నిటికంటే ఖరీదైన వంజరం, తర్వాత సందువ, రొయ్యలు, చివర్లో చిన్నవాళ్లకు చిన్న చేపలన్నట్టు నెత్తళ్లు. కోవూరు నుంచి పెన్న దాటి వడ్ల బండ్లతో వచ్చిన రైతులు తిరిగి పోయేటప్పుడు తాటాకులో చేప చుట్టించుకుని పోయేవారు. కోర్టు గుమాస్తాల ఇళ్లలోంచి ఆడవాళ్లు వచ్చి అవ్వతో బేరానికి కూర్చుంటే అరగంట కాలక్షేపం. ఒకావిడ రోజూ చేపను ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసనొస్తాందే అవ్వా" అనేది.

"చేపకి చేప వాసన రాకుండా మల్లెపూల వాసనొస్తాదా తల్లీ" అనేది అవ్వ. ఆవిడ నవ్వి కొనుక్కునేది. మర్నాడు మళ్లీ అదే మాట, అదే జవాబు.

అమ్ముడుపోని తలకాయలు మా ఇంటికి వచ్చేవి. మామిడికాయల కాలంలో అమ్మ మట్టి చట్టిలో పులుసు పెట్టి, దించే ముందు పుల్లటి మామిడి ముక్కలు వేసేది. ఆ పూట మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. మర్నాడు పొద్దున చద్దన్నంలోకి ఆ పులుసు పోసుకుంటే, ముక్క చప్పరించి ముల్లు తీసి గిన్నె అంచున పెట్టి, వేళ్లు నాక్కునేసరికే బడి గంట కొట్టేవాళ్లు.

బడిలో మాత్రం ఆ వాసన నాకు శత్రువైంది. నా పక్క బెంచీలో కూర్చునే అమ్మాయి నేను రాగానే రుమాలుతో ముక్కు మూసుకునేది. ఆమెను చూసి మిగతావాళ్లూ మూసుకోవడం నేర్చుకున్నారు. నేను సున్నిపిండితో చర్మం ఎర్రబడేదాకా రుద్దుకుని వెళ్లేదాన్ని. అయినా మూసుకునేవాళ్లు. ఒకరోజు ఇక రుద్దుకోవడం మానేసి, రెండు ఎండు నెత్తళ్లు తీసుకుపోయి ఆ పిల్ల కంపాసు పెట్టెలో పెట్టాను. లెక్కల పీరియడులో పెట్టె తెరిచి ఆమె పెట్టిన కేకకు పక్క తరగతి అయ్యవారు కూడా పరుగెత్తుకొచ్చారు. నన్ను బెంచీ ఎక్కించారు. తప్పయిందని చెప్తే దిగమన్నారు. చెప్పలేదు. సాయంత్రం గంట దాకా నిలబడ్డాను. కాళ్లు పీకాయి కానీ, అంత ఎత్తు నుంచి తరగతిని చూడటం బాగానే అనిపించింది.

నేను అయిదు చదువుతున్న ఏడు, ఎండలు ముదరకముందే ఉప్పుకొట్టుకు ఎదురుగా ఒక కొత్త మేడ లేచింది. ఎక్కడో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై వచ్చిన ఒకాయన కట్టించుకున్నాడు. మేడాయన అనేవాళ్లం. గృహప్రవేశమైన వారానికి ఆయన బాల్కనీలో నిలబడి, "ఏయ్, ఇక్కడ కూర్చోకూడదు, లేవండి" అన్నాడు. ఎవరూ లేవలేదు. అవ్వ తల కూడా ఎత్తలేదు. పదిహేను రోజులు అట్లాగే అరిచి, తర్వాత అరవడం మానేశాడు. ఊరుకున్నాడనుకున్నాం.

ఒక పొద్దున మేం గంపలతో వెళ్లేసరికి ఉప్పుకొట్టు గోడకు రేకు బోర్డు ఒకటి మేకులు కొట్టి ఉంది. నల్ల రంగు మీద తెల్లటి అక్షరాలు. ఆరుగురు ఆడవాళ్లలో ఒక్కరికీ చదువు రాదు. అందరూ నా వైపు తిరిగారు.

"చదువు మే" అంది అమ్మ.

నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. "ఈ స్థలమున దుర్గంధము వెదజల్లు చేపల విక్రయము నిషిద్ధము. అతిక్రమించువారు శిక్షార్హులు. మునిసిపాలిటీ వారి ఉత్తర్వు."

"అంటే ఏంది?" అంది అవ్వ.

ఉత్తర్వు, శిక్ష తెలుసు. అమ్మగూడదని అర్థమైంది. ఒక్క మాట మాత్రం తెలియలేదు. బోర్డునంతా నోటుబుక్కులో రాసుకుని బడికి పరుగెత్తాను. మా తెలుగు అయ్యవారు ముసలాయన, కోప్పడని మనిషి. పుస్తకం ఆయన ముందు పెట్టి, "అయ్యోరూ, దుర్గంధము అంటే ఏంది?" అని అడిగాను.

ఆయన చదివారు. నా మొహం చూశారు.

"చెడ్డ వాసన అమ్మా. కంపు."

ముక్కులు మూసుకునే పిల్లలు ఆడుకుంటూ చేసే పనిని ఎవరో పెద్దవాళ్లు రంగు వేయించి గోడకు కొట్టించారు.

అయ్యవారు పుస్తకం ఇంకోసారి చూసి, "కింద సంతకం ఉందా? ముద్ర? ఏదైనా నంబరు?" అన్నారు.

"ఏం లేదయ్యోరూ. అంతా రాసుకొచ్చినాను."

"సర్కారు వాళ్ల ఉత్తర్వైతే నంబరు ఉంటుంది. కింద ఫలానా అధికారి అని ఉంటుంది. ఈ మాట మీ అవ్వతో చెప్పు."

ఇంటికెళ్లి రెండూ చెప్పాను. కంపు అన్న మాటకు అవ్వ కోప్పడుతుందనుకున్నాను. ఆమె వక్క నములుతూ, "నంబరు లేదన్నాడా అయ్యోరు?" అని దాన్నే రెండుసార్లు అడిగింది. నాన్న మాత్రం భయపడ్డాడు.

"వద్దత్తా. మునిసిపాలిటీతో మనకెందుకు? ఆ మేడాయనకి పోలీసోళ్లు తెలుసంట. ఇంకో వీధి చూసుకుందాం."

"ఇంకో వీధిలో ఇంకో మేడ ఉంటాదబ్బయా" అంది అవ్వ.

మర్నాడు, ఆ మర్నాడు అక్కడే కూర్చున్నారు. మూడో నాడు నాకు బడి సెలవు, నేనూ ఉన్నాను. ఎండ ఇంకా ముదరలేదు. మేడ గేటు తెరుచుకుని వాచ్‌మన్ బక్కెట్టుతో వచ్చాడు. తెల్లటి నీళ్లు. వాసనను బట్టి ఫినాయిలని తెలిసేలోపే దాన్ని నేల మీద కుమ్మరించాడు. "వీధి శుభ్రం చేస్తున్నా, అయ్యగారు చెప్పినారు" అన్నాడు. నేల మీద పడింది కొంచెమే. మిగతాదంతా అమ్మ గంపలోకి పోయింది.

ఆ రోజు అమ్మ గంపలో పెద్ద వంజరం మూడు ఉన్నాయి. వాటి వెండి చర్మం మీద ఫినాయిలు పాలలాగా కారింది. మిగతా ఆడవాళ్లు శాపనార్థాలు మొదలుపెట్టారు. అమ్మ లేచి, అన్నిటికంటే పెద్ద వంజరాన్ని రెండు చేతులా పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకుంది. ఫినాయిలు ఆమె చీర మీదుగా కారుతోంది. గేటు దాకా నడిచి, దాన్ని గేటు స్తంభం మీద తల వీధి వైపుకు పెట్టింది.

"మీ అయ్యగారికి చెప్పన్నా. చేప మాది, మసాలా ఆయనది. వండుకోమను" అంది వాచ్‌మన్‌తో.

వాడు ఖాళీ బక్కెట్టు పట్టుకుని నిలబడిపోయాడు. "నాకేం తెలుసమ్మా, చెప్పిన పని చేసినాను" అన్నాడు చిన్న గొంతుతో.

సాయంత్రం అమ్మ చీర ఎన్నిసార్లు జాడించినా ఫినాయిలు వాసన పోలేదు. దండెం మీద చీరను చూస్తూ అవ్వ, "రేపు ఆఫీసుకు పోదాం. ఉత్తర్వు చూపిమ్మందాం. నంబరుంటే లేచిపోదాం. లేకపోతే లేవం" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వూ రావాల. చదివేదానికి" అంది.

మర్నాడు స్టేషన్‌లో దిగిన గంపలు ఉప్పుకొట్టుకు పోలేదు. ఆరుగురూ నెత్తిన పెట్టుకుని సూటిగా మునిసిపల్ ఆఫీసుకు నడిచారు. వెనక నేను పలకాబలపం లాంటివేవీ లేకుండా, ఉత్తి చేతులతో. ఆఫీసు వరండాలో గంపలు దించగానే అటెండరు అడ్డం వచ్చాడు. అవ్వ బోర్డు సంగతి చెప్పింది. ఆయన లోపలికి పోయి గుమాస్తాను పిలుచుకొచ్చాడు. బోర్డు మీది మాటలు నేను అప్పజెప్తుంటే గుమాస్తా ఓపికగానే విని, లావుపాటి రిజిస్టరు తెచ్చి పేజీలు తిప్పి చూశాడు. ఆఫీసరు కూడా బయటికొచ్చాడు. సన్నగా, కళ్లజోడుతో ఉన్నాడు.

"మేం అలాంటి ఉత్తర్వేదీ ఇవ్వలేదమ్మా. మీరు వెళ్లి అమ్ముకోండి" అన్నాడు.

ఆడవాళ్ల మొహాలు వెలిగాయి. ఒకరిద్దరు గంపలు ఎత్తుకోబోయారు. అవ్వ చేత్తో ఆపింది.

"ఆ మాట రాసియ్యి సామీ."

"లేని ఉత్తర్వుకు కాగితం ఎలా ఇస్తారమ్మా? ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి."

"నీ పేరుని మేకు కొట్టి గోడకి తగిలించలేం గదా సామీ. ఆయన బోర్డు పెట్టినాడు. మాకు కాగితమన్నా ఉండాల."

అట్లా రాసిచ్చే పద్ధతి లేదని ఆయన లోపలికి వెళ్లిపోయాడు. అవ్వ వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మేమంతా కూర్చున్నాం.

పదకొండు గంటలకు ఎండ వరండా మెట్ల మీదికి ఎక్కింది. పన్నెండుకు సగం వరండా ఆక్రమించింది. గోనెలు ఆరిపోయాయి. మా గంపలు తమ పని మొదలుపెట్టాయి. మొదట ఒక పిల్లి వచ్చింది. తర్వాత దాని చుట్టాలు. కాకులు పిట్టగోడ మీద బారులు తీరాయి. లోపల గుమాస్తాలు ఒక్కొక్కరే రుమాళ్లు తీశారు. ఒంటిగంట అయింది. టిఫిన్ క్యారియరు మూత ఎత్తిన ఒకాయన మళ్లీ మూసేశాడు. బడిలో రుమాలు చూస్తే కుంచించుకుపోయే నేను, ఆ రోజు లెక్కపెట్టాను. తొమ్మిది రుమాళ్లు. ఒక్కదానికీ సిగ్గనిపించలేదు.

అటెండరు వచ్చి, "గంపలు బయట ఎండలో పెట్టుకోండక్కా" అన్నాడు.

"ఎండలో పెడితే చెడిపోతాయన్నా. మీ వరండా చల్లంగుండాది" అంది అమ్మ.

ఇంకో అరగంట గడిచింది. ఆఫీసరు లోపల్నుంచి నవ్వాపుకోలేని గొంతుతో, "రాసిచ్చెయ్యవయ్యా, భోజనం చెయ్యాలి" అనడం మాకు వినిపించింది.

గుమాస్తా రాసి, ముద్ర వేసి, నంబరు వేసి తెచ్చాడు. ఆఫీసరు సంతకం చేసి అవ్వకు అందించబోయాడు. అవ్వ తీసుకోలేదు. "మా పిల్ల చదివినాక తీసుకుంటా" అంది.

కాగితం నా చేతికి వచ్చింది. అడుగున సంతకం ఉంది. ముద్ర ఉంది. పైకి వెళ్లి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "ఉప్పుకొట్టు గోడ వద్ద దుర్గంధము వెదజల్లు చేపల విక్రయమును నిషేధించుచు ఈ కార్యాలయము ఎట్టి ఉత్తర్వును జారీ చేయలేదని..." అక్కడ ఆగిపోయాను.

"చదవమ్మా, బాగా చదువుతున్నావు" అన్నాడు ఆఫీసరు.

"సార్, ఈ మాట కొట్టెయ్యండి."

"ఏ మాట?"

వేలు పెట్టి చూపించాను. "దుర్గంధము."

గుమాస్తా అడ్డం వచ్చాడు. "బోర్డులో ఉన్నదే కదా నేను రాసింది. నువ్వే చెప్పావు కదా."

"ఆ బోర్డు దొంగది గదా సార్. మీరు రాస్తే నిజమైపోతాది."

అమ్మ నా వెనక వచ్చి నిలబడింది. ఆమె చెయ్యి నా జడ మీద ఉంది. ఎన్నో తరగతి అని అడిగాడు ఆఫీసరు. అయిదు అన్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, వరండా పిట్టగోడ మీద కాగితం పెట్టి, ఆ మాట మీదా, వెదజల్లు అన్న మాట మీదా అడ్డంగా గీత గీశాడు. గీత పక్కన మళ్లీ చిన్న సంతకం చేశాడు.

"కొట్టేసిన చోట సంతకం ఉండాలి. లేకపోతే చెల్లదు. గుర్తుపెట్టుకో" అన్నాడు. నాతో పెద్దవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడిన మొదటి మనిషి ఆయన.

ఆ రోజు చేపల్లో ఒక్కటీ అమ్ముడుపోలేదు. పనికొచ్చినంత మేరకు ఉప్పు పట్టించి ఎండేశాం. మర్నాడు ఉప్పుకొట్టు దగ్గరికి మా కంటే ముందు నాన్న వెళ్లాడు. వద్దు వద్దన్న మనిషి, రిక్షా సీటు మీద నిలబడి, రిక్షా సామాన్లలోని పట్టకారుతో ఒక్కో మేకూ పీకుతున్నాడు. చెమటలు కారుతున్నాయి. అయినా పీకుతున్నాడు. మేడాయన బాల్కనీలోకి వచ్చి, "మీ అంతు చూస్తా" అని అరిచాడు.

అవ్వ మొదటిసారి తలెత్తింది.

"చూడు సామీ. రోజూ పొద్దునే ఈడనే ఉంటాం."

బోర్డును ఆమె ఇంటికి తీసుకుపోయింది. దాన్ని బోర్లా తిప్పి, దాని మీద నెత్తళ్లు ఎండేసేది. రేకు మీద తొందరగా ఎండుతాయని వాడకట్టులో అందరికీ చెప్పేది. ఆఫీసు కాగితాన్ని గంజితో గోడకు అంటించాం. మొదటి వానకే అది ఉబ్బి, చినిగి, కాలవలో కొట్టుకుపోయింది. నేను ఏడిస్తే అవ్వ విసుక్కుంది. "కాగితం పోతే పొయింది. మనం ఉండాం గదా."

మేడాయన తర్వాత మా జోలికి రాలేదు. క్షమాపణా చెప్పలేదు, మేమూ అడగలేదు. కొన్నేళ్లకు మేడ అమ్మేసి వెళ్లిపోయాడు. ఉప్పుకొట్టు పడగొట్టి సినిమా హాలు కడతారన్నారు, దుకాణాలు కట్టారు. నీడే లేకపోయాక, కొత్తగా వేసిన మార్కెట్టు షెడ్డులోకి ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లే వెళ్లారు. అవ్వ ఆ షెడ్డు చూడలేదు. అంతకు ముందు ఏడే, మొదటి గంప స్థానం అమ్మకు వదిలి పోయింది. ఇప్పుడు ఆ వీధిలో నిలబడితే గోడ ఎక్కడుండేదో నేనూ కచ్చితంగా చెప్పలేను. ఆవిరి ఇంజన్లు లేవు, పాసింజరులో గంపలు లేవు. బేరానికి కూర్చున్న ఆడవాళ్ల నవ్వులు నాతోపాటు ఇంకెవరికైనా గుర్తున్నాయో లేదో తెలియదు.

నేను టీచరు ట్రైనింగుకు అప్లికేషను పెట్టిన రోజు చెప్పి ముగిస్తాను. కౌంటరు దగ్గర ఫారం నింపుతుంటే తల్లిదండ్రుల వృత్తి అని ఒక గడి వచ్చింది. నాన్నకు రిక్షా అని రాశాను. అమ్మ దగ్గర పెన్ను పెట్టబోతుంటే, అటు వైపు కూర్చున్న గుమాస్తా తలకిందులుగానే చదివి, మంచితనంతోనే, "వ్యాపారం అని రాయమ్మా. బాగుంటుంది" అన్నాడు.

గడి చిన్నది. అక్షరాలు గడి దాటి పక్కకు పోయేంత పెద్దగా, చేపలమ్మడం అని రాశాను. కింద సంతకం చేశాను.

సాయంత్రం మార్కెట్టుకు వెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ కత్తిపీట మీద చేప కోస్తోంది. పొలుసులు ఆమె మోచేతుల దాకా అంటుకుని మెరుస్తున్నాయి. మెచ్చుకుంటుందని నిలబడ్డాను. ఆమె చెయ్యి ఆపి, మొహం చిట్లించింది.

"ఒట్టి చేపలని రాసినావా? వంజరం అని రాయకపోయినావా మే."